కెమెరా మంచిదే, మీరే లేటు

ప్రశ్న: నమస్తే సార్. నేను నిజాంపేటలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్ ఉండే) కెమెరా కొన్నాను, దాంతోపాటే 18-55 మామూలు లెన్సు, దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగే 55-250 లెన్సు వచ్చాయి. ఆదివారం వస్తే ఏదో ఒకటి ప్రయత్నిస్తుంటాను. ఒకసారి చార్మినార్, ఒకసారి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, ఇంకోసారి అమీన్‌పూర్ చెరువులో పక్షులు, ఏమీ కుదరకపోతే మేడ మీద నుంచి చందమామ. ఒక్కటీ అనుకున్నట్టు రాదు. చార్మినార్ వెనక ఆకాశం తారు పూసినట్టు వస్తుంది, బ్రిడ్జి షేక్ అవుతుంది, పక్షులు చీమలంత, చంద్రుడు తెల్లటి బిళ్ల. తోడుగా వచ్చే మా తమ్ముడు (వాడికి అరగంటకే విసుగు) ఫోన్‌లో తీసినవే ఇంట్లో అందరికీ నచ్చుతాయి. సిటీ, నైట్, నేచర్ అంటూ మూడింటి వెంట పడకుండా ఏదో ఒకటి పట్టుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. నలభై వేలు పెట్టి మంచి లెన్స్ కొంటే బాగుపడతానా? అనంతగిరికి వెళ్లి పాలపుంత తీయాలని కూడా ఉంది. ఆరు ఫొటోలు జత చేశాను, మొహమాటం లేకుండా చెప్పండి.

సమాధానం:

అమ్మా, మొహమాటం లేకుండానే చెబుతాను. మీ ఫొటోలు చూడకముందే, ప్రతి ఫొటో వెనకా కెమెరా రాసిపెట్టుకున్న టైమ్ చూశాను. చార్మినార్ రాత్రి 8:47. బ్రిడ్జి 9:20. అమీన్‌పూర్ పక్షులు పొద్దున 10:15. చంద్రుడు రాత్రి పదకొండు దాటాక, నడినెత్తిన. ఇంక ఫొటోలు తెరవక్కర్లేదు అనిపించింది కానీ తెరిచాను, ఎందుకంటే అందులో మీ చేయి ఎలాంటిదో తెలుస్తుంది కదా. చేయి బాగానే ఉంది. ఫ్రేము కుదురుగా పెడుతున్నారు, చార్మినార్‌ని మధ్యలో నిలబెట్టి రెండు పక్కలా గాజుల దుకాణాలని గోడల్లా వాడుకున్నారు, అది ఎవరూ నేర్పకుండా వచ్చే తెలివి. కెమెరా కూడా మంచిదే. మీరు చేరే వేళే మంచిది కాదు.

ఆ చార్మినార్ ఫొటోనే మళ్లీ తెరిచి, కుడి చేతి వైపు రెండో దుకాణం బోర్డు దగ్గర బాగా పెద్దది చేసి చూడండి. అక్షరాలు లేవు. ఒక తెల్లటి చతురస్రం, దాని చుట్టూ పాలు ఒలికినట్టు వెలుగు. ఇప్పుడు మినార్ల పైన ఆకాశం చూడండి, అందులోనూ ఏమీ లేదు, నల్ల సిరా. అటు అంత వెలుగు, ఇటు అంత చీకటి, రెండూ ఒకే ఫొటోలో పట్టమంటే ఏ సెన్సర్ వల్లా కాదు, నలభై వేల లెన్స్ పెట్టినా అదే బోర్డు, అదే సిరా. కానీ రోజుకి ఒక్కసారి, పొద్దు గూకిన పది పదిహేను నిమిషాల తర్వాత, ఆకాశంలో మిగిలిన వెలుగూ దుకాణాల్లో వెలిగిన వెలుగూ దాదాపు సమానంగా తూగుతాయి. కంటికి అప్పుడు ఆకాశం బూడిద రంగులో చప్పగానే కనిపిస్తుంది, కెమెరాకి మాత్రం నీలం. దాన్నే బ్లూ అవర్ అంటారు.

అవర్ అన్నారు కదా అని గంటసేపు ఉంటుందనుకోకండి. యూట్యూబ్‌లో ఆ పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది యూరప్, కెనడా వాళ్లు, అక్కడ సూర్యుడు ఏటవాలుగా, తాపీగా దిగుతాడు. మనం భూమధ్యరేఖకి పదిహేడు డిగ్రీల దూరంలోనే ఉన్నాం, ఇక్కడ దాదాపు నిటారుగా మునిగిపోతాడు. అస్తమించాక ఇరవై మూడు, ఇరవై నాలుగు నిమిషాల్లో సంధ్య వెలుగు పని అయిపోతుంది, అందులో నిజంగా మీకు పనికొచ్చేది చివరి పావుగంట, మహా అయితే ఇంకో ఐదు నిమిషాలు. పైగా నవంబరు చివర్లో హైదరాబాద్‌లో 5:40కే పొద్దు గూకుతుంది, జూన్ చివర్లో 6:50 దాటాక. అంటే ‘ఏడింటికి వెళ్దాం’ అని ఏడాది పొడవునా ఒకటే లెక్క పెట్టుకుంటే కుదరదు. ఆఫీసు అయ్యాక బయల్దేరి ట్రాఫిక్ దాటుకుని చేరితే 8:47 అవుతుంది, నాకు అర్థమైంది. అందుకే ఆదివారం అంటున్నాను.

ఒక పని చేయండి. పొద్దు గూకడానికి అరగంట ముందే వెళ్లి ఒకే చోట నిలబడండి. ఐఎస్‌వో (వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రం, అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్8, షట్టర్ ఎంతసేపు తెరవాలన్న సంగతి కెమెరాకి వదిలేయండి. మూడు నిమిషాలకొకటి చొప్పున, ఫ్రేము కదపకుండా, గంటసేపు అదే ఫొటో తీస్తూ పోండి. మొదట్లో షట్టర్ సెకనులో అరవయ్యో వంతు చూపిస్తుంది, చివరికి ఎనిమిది సెకన్ల దాకా పోతుంది. ఇంటికెళ్లి ఇరవై ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుంటే ఏ నిమిషంలో చార్మినార్ బతికిందో, ఏ నిమిషంలో చచ్చిందో మీకే కనిపిస్తుంది. నేను చెప్పిన పావుగంట నమ్మక్కర్లేదు, మీ ఇరవై ఫొటోలని నమ్మండి. మీరు టెస్టింగ్‌లో ఉన్నారన్నారు, ఒక్కటి మార్చి మిగతావన్నీ అలాగే ఉంచితేనే తప్పు ఎక్కడుందో తెలుస్తుందని నేను మీకు చెప్పడమేంటి.

రంగు సంగతి కూడా ఇక్కడే. మీ ఫొటోలో సగం పసుపు, సగం ఆకుపచ్చ, ఎందుకంటే ఒక దుకాణంలో పాత బల్బు, పక్క దుకాణంలో ఎల్‌ఈడీ, వీధిలో ఇంకో రకం. రంగుని తనంతట తాను సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌కి వీటిలో ఎవరి మాట వినాలో తెలియదు. జేపెగ్ కాకుండా రా (RAW, కెమెరా దిద్దకుండా దాచే) ఫైల్‌లో తీయండి, రంగు తర్వాత ఇంట్లో కూర్చుని మార్చుకోవచ్చు, వైట్ బ్యాలెన్స్ అంకెని 3500 నుంచి 4000 కెల్విన్ మధ్య మొదలుపెట్టి చూడండి, ఆకాశం ఇంకాస్త నీలంగా దిగుతుంది. స్టాండ్ లేకుండా బజార్లో మనుషుల్ని తీసేటప్పుడు కొన్నిసార్లు ఫొటోలో అడ్డంగా చారలు పడుతున్నాయని మీ నాలుగో ఫొటోలో చూశాను. అది కెమెరా పాడవడం కాదు, మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దాంతో చవక ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. షట్టర్‌ని యాభయ్యో వంతులోనో వందో వంతులోనో పెడితే చారలు పోతాయి.

ఇక బ్రిడ్జి. 2020లో తెరిచినప్పటి నుంచి హైదరాబాద్‌లో కెమెరా ఉన్న ప్రతివాడూ తీసిన ఫొటో అది, మీరూ తీయండి, తప్పేం లేదు. మీ దాంట్లో ఒక్క బల్బుని పెద్దది చేసి చూడండి, చిన్న కొమ్ము పెట్టినట్టు వంకర తిరిగి ఉంది. పక్క బల్బుకీ అదే కొమ్ము, దాని పక్కదానికీ అదే. అన్నిటికీ ఒకే వంకర ఉందంటే కదిలింది కెమెరా. కెమెరా కదలకుండా ఉంటే బల్బులు చుక్కల్లా నిలిచి, కార్లు మాత్రమే గీతలయ్యేవి. మీరు స్టాండ్ వేశారు, ఆరు సెకన్లు ఇచ్చారు, మరి ఎందుకు కదిలిందంటే మీరు నిలబడింది బ్రిడ్జి మీదే. బస్సు పోయినప్పుడల్లా కాళ్ల కింద చిన్నగా ఊగడం మీకూ తెలిసే ఉంటుంది, తీగల మీద వేలాడే వంతెన కదా. కిందకి దిగి చెరువు గట్టున పార్కు వైపు నుంచి తీయండి, నీళ్లలో నీడ కూడా వస్తుంది. స్టాండ్ మీద ఉన్నప్పుడు లెన్స్ పక్కనుండే స్టెబిలైజర్ మీట ఆపేయండి, పాత లెన్సుల్లో లేని ఊపుని సరిచేయబోయి అదే కొత్త ఊపు తెస్తుంది. బటన్ వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి. దీపాల చుట్టూ నక్షత్రాల్లా కిరణాలు రావాలంటే ఎపర్చర్‌ని ఎఫ్11, ఎఫ్16 దాకా మూయండి, దాన్ని మూసే రెక్కలు లెన్స్‌లో ఏడు ఉంటే కిరణాలు పద్నాలుగు వస్తాయి, ఆరు ఉంటే ఆరే. అది ఎందుకలా అని అడక్కండి, చెబితే ఈ పేజీ చాలదు.

స్టాండ్ గురించి ఇంకో మాట. మీ ఫొటోలో నీడ చూస్తే తెలుస్తోంది, అది ఫోన్‌కి వాడే తేలిక స్టాండ్. నలభై వేలలో పదో వంతు ముందు దానికి పెట్టండి. లేదా ఏమీ పెట్టకండి: పాత దిండు గలేబు కత్తిరించి అరచేతులు రెండూ పట్టేంత సంచి కుట్టి, అందులో అరకిలో బియ్యం పోసి మూతి బిగించండి. పిట్టగోడ మీదో, కారు బానెట్ మీదో ఆ సంచి వేసి కెమెరాని అందులోకి అదిమితే ముప్పై సెకన్లయినా కదలదు. నా దగ్గర రెండు మంచి స్టాండ్లు ఉన్నా, ఊళ్లో తిరిగేటప్పుడు ఈ సంచే పట్టుకెళ్తాను. దానికి ఇంకో లాభం ఉంది, స్టాండ్ విప్పగానే ‘పర్మిషన్ ఉందా’ అంటూ వచ్చే సెక్యూరిటీ వాళ్లు బియ్యం సంచిని చూసి రారు. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల లోపల స్టాండ్‌కి నిజంగానే అనుమతి కావాలి, గోల్కొండలో దాని మీద వాదనకి దిగకండి.

తమ్ముడి ఫోన్‌తో పోటీ పడకండి. అది ఒక్క ఫొటో తీయదు, మీరు వాడి చేతిలో చూసేది చకచకా తీసిన పది పన్నెండు ఫొటోలని ఒకదాని మీద ఒకటి పేర్చి, నీడల్ని లేపి, రంగులు దిద్ది ఇచ్చిన అట్ల దొంతర. చిన్న తెర మీద బాగానే ఉంటుంది. అదే ఫొటోని గోడకి పెట్టేంత ప్రింటు వేయించి, మీ బియ్యం సంచి ఫొటో పక్కన పెట్టి అప్పుడు ఇంట్లోవాళ్లని అడగండి.

అమీన్‌పూర్‌కి రండి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చిన చెరువు అది, ఊరి మధ్యలో ఉన్న ఒక చెరువుకి అలాంటి గుర్తింపు దేశంలో అదే మొదటిసారి. చలికాలంలో మీ ఇంటికి అంత దగ్గర్లో అన్ని పక్షులుంటే, పొద్దున పదింబావుకి వెళ్లడం పాపం కదా! అప్పటికి ఎండ నెత్తి మీదికి ఎక్కేస్తుంది, కొంగ ఒంటి మీద తెలుపు కాలిపోతుంది, కింద నీడ నల్లబడుతుంది, అన్నిటికంటే నీళ్ల మీద గాలి వేడెక్కి వణుకుతుంటుంది. 250 దగ్గర తీస్తే ఆ వణుకంతా ఫొటోలోకి దిగి, ఫోకస్ తప్పిందేమో అనిపిస్తుంది, నిజానికి తప్పలేదు. తెల్లారేసరికి అక్కడుండండి, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా తూర్పు గట్టు మీద కూర్చోండి, కూర్చోండి అంటే నిజంగానే చతికిలబడండి, నిలబడితే ఎగిరిపోయే పక్షి కూర్చుంటే పట్టించుకోదు, ఫొటో కూడా పక్షి కంటి ఎత్తులో వస్తుంది. వాలి ఉన్నదానికి షట్టర్ ఐదువందల వంతు, ఎగిరేదానికి వెయ్యి, రెండు వేల వంతు పెట్టి, ఐఎస్‌వో ఎంతకి పోతే అంతకి పోనివ్వండి. గరుకు వచ్చిన ఫొటోని బాగుచేయొచ్చు, అలికిపోయినదాన్ని ఎవరూ బాగుచేయలేరు.

అయినా చీమలంతే వస్తాయి, నిజం చెప్పాలి. గట్టు నుంచి చెరువు మధ్యకి 250 చాలదు, నలభై వేల లెన్స్ కూడా చాలదు. అందుకని పక్షి మొహం మీద పడకండి, పొగమంచులో చెరువుని తీయండి, అందులో పక్షి ఒక మాట మాత్రమే. లేదా పక్షులు దగ్గరికొచ్చే చోటికి వెళ్లండి, గుంటూరు పక్కన ఉప్పలపాడులో చిన్న చెరువు మధ్య తుమ్మచెట్ల మీద పెలికాన్లు, రంగు కొంగలు ఎంత దగ్గరగా ఉంటాయంటే మీ లెన్స్ సరిగ్గా సరిపోతుంది.

అంత దూరం ఎందుకు, వానాకాలంలో ఊరు దాటి ఏ దిగుడుబావి దగ్గరైనా చూడండి, ఈత కొమ్మల చివర గిజిగాళ్లు వేలాడుతుంటాయి. ఒకసారి అలాంటి బావి ఒడ్డున నేను రెండున్నర గంటలు కూర్చున్నాను. మగపిట్ట వరి ఆకు అంచుని ముక్కుతో పట్టి, ఎగురుతూనే సన్నటి పోగు చీల్చుకుని వచ్చేది, దాన్ని గూట్లోకి గుచ్చి, అవతల నుంచి లాగి, మళ్లీ గుచ్చేది. గూడు టోపీ ఆకారానికి రాగానే ఆపేసి, దాని కింద తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టడం మొదలుపెట్టింది. ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని నాలుగు పోగులు లాగి చూసి, నచ్చక వెళ్లిపోయింది. నేను ఒక్క ఫొటో కూడా తీయలేదు, బ్యాటరీ బండిలో మరిచిపోయాను. కానీ మర్నాడు అదే వేళకి వెళ్తే అదే పిట్ట, అదే కొమ్మ, అదే వెలుగు, ఈసారి ఎప్పుడు ఏం చేస్తుందో నాకు ముందే తెలుసు. ఒక్క హెచ్చరిక, అడ్డంగా ఉంది కదా అని గూటి ముందు ఆకు ఒక్కటి కూడా తుంచకండి. ఆ ఆకే పిల్లలకి ఎండ తగలకుండా, కాకి కంట పడకుండా కాపాడేది. దసరాకి పాలపిట్టని పంజరంలో తెచ్చి డబ్బులకి చూపించేవాళ్ల దగ్గర ఫొటో తీసి అది కూడా నేచర్ అనకండి, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అలా పట్టడమే నేరం.

చంద్రుడు తెల్ల బిళ్లగా రావడానికి కారణం తేలిక. అది చీకట్లో ఉన్న వస్తువు కాదు, ఎండలో ఉన్న రాయి. కెమెరాకి అది తెలియక, చుట్టూ చీకటి చూసి షట్టర్ ఎక్కువసేపు తెరుస్తుంది. మాన్యువల్‌లో ఎఫ్11, ఐఎస్‌వో 100, షట్టర్ వందో వంతు పెట్టండి, కుందేలు కనిపిస్తుంది. కానీ నడినెత్తిన ఒంటరి చంద్రుడి ఫొటో ఎవరిదైనా ఒకటే, దానికి మీరే తీయాలని ఏముంది. మీ ఇంట్లో గోడకి పంచాంగం క్యాలెండర్ ఉంటుంది కదా, అందులో పౌర్ణమి కాదు, పౌర్ణమికి ముందు రోజు చూసుకోండి. చంద్రోదయం రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పౌర్ణమి నాడు పొద్దు గూకేటప్పుడే లేస్తాడు, వెలుగు పట్టేంత పైకి వచ్చేసరికి ఆకాశం నల్లబడుతుంది. శుద్ధ చతుర్దశి నాడు ముందే లేచి, సూర్యుడు మునిగేసరికి తూర్పున పది పన్నెండు డిగ్రీల ఎత్తులో రెడీగా ఉంటాడు. ఇక మీ పావుగంట మొదలవగానే చంద్రుడు, ఆకాశం, దుకాణాల దీపాలు, మూడూ ఒకే ఎక్స్‌పోజర్‌కి, అంటే ఒకే వెలుగు లెక్కకి, దగ్గరగా వస్తాయి.

లాడ్ బజార్ చార్మినార్‌కి పడమటి వైపు. అందులో వెనక్కి వెళ్లి తిరిగి చూస్తే చార్మినార్ వెనక ఉండేది తూర్పు. మార్చి, సెప్టెంబరు పౌర్ణముల దగ్గర చంద్రుడు ఇంచుమించు సూటిగా తూర్పున లేస్తాడు, డిసెంబరులో ఈశాన్యానికి, జూన్‌లో ఆగ్నేయానికి జరుగుతాడు. వాస్తు మీద నాకు నమ్మకం లేదు కానీ ఈ దిక్కుల లెక్క మాత్రం మీ ఫొటోకి అక్షరాలా పనికొస్తుంది. 18 దగ్గర తీస్తే చంద్రుడు ఆవగింజంత వస్తాడు, కాబట్టి వీలైనంత వెనక్కి నడిచి 55-250 వాడండి, ఎంత వెనక్కి పోతే మినార్ పక్కన చంద్రుడు అంత పెద్దగా కనిపిస్తాడు. 1591లో కట్టిన మినార్, పక్కన చతుర్దశి చంద్రుడు, కింద గాజుల దుకాణం. ఇది సిటీ ఫొటోనా, నైట్ ఫొటోనా, నేచర్ ఫొటోనా? మీ ఫ్రెండ్స్‌ని అడగండి. మూడింట్లో ఒకటి పట్టుకోవడం దండగ, మూడింటికీ కావాల్సింది ఒకటే వెలుగు, ఒకటే గడియారం.

ఆ గడియారం విలువ వెనకటివాళ్లకి బాగా తెలుసు. ఆరో నిజాం దగ్గర రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీసిన రోజుల్లో ఒక ఫొటోకి ఒక గాజు పలక. నాలుగు వందల ఫొటోలు కొట్టి అందులోంచి ఏరుకునే సౌకర్యం లేదు, ఎండ ఎప్పుడు ఏ గోడ మీద పడుతుందో చూసుకుని కాచుకోవాల్సిందే.

పాలపుంత విషయంలో నా పరువు నేనే తీసుకుంటాను. మొదటిసారి దానికోసం గండికోట వెళ్లాను, మంచి అమావాస్య చూసుకుని, టెంటు, రెండు స్వెటర్లు, ఫ్లాస్కు నిండా టీ. పెన్నా లోయ అంచున రాత్రంతా కూర్చున్నాను. మృగశిర వచ్చింది, కృత్తిక వచ్చింది, చలి బాగా వచ్చింది, నేను ఫొటోల్లో చూసిన ఆ పొగ లాంటి నడుమ భాగం మాత్రం రాలేదు. తెల్లారాక టెంటు మడుస్తుంటే మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఎందుకొచ్చావని అడిగి, విని, ‘అది ఎండాకాలం తెల్లారుజామున కనపడేది కదప్పా, ఇప్పుడేముంటాది’ అని వెళ్లిపోయాడు. అది డిసెంబరు. ఆ నెలలో పాలపుంత నడుమ భాగం సూర్యుడి వైపే ఉంటుంది, పగలు మన నెత్తి మీదుగా పోతుంది. మార్చిలో తెల్లవారుజామున మూడు, నాలుగింటికి ఆగ్నేయంలో బాగా పైకి వచ్చి ఉంటుంది, మే నెలలో అర్ధరాత్రికే కనిపిస్తుంది, తర్వాత మబ్బులొచ్చేస్తాయి. అనంతగిరి అందమైన చోటే, కానీ అది హైదరాబాద్‌కి పడమట ఉంది, అంటే తూర్పు ఆకాశమంతా మన ఊరి వెలుగే. దక్షిణాన, ఆగ్నేయాన పెద్ద ఊరు లేని చోటు వెతుక్కోండి. మీ 18-55ని 18 దగ్గర పెట్టి, ఎఫ్3.5, ఐఎస్‌వో 3200, పదిహేను సెకన్లు. ఇరవై దాటితే భూమి తిరుగుడుకి చుక్కలు గీతలవుతాయి. ఒంటరిగా వెళ్లకండి, ఇది ఆడపిల్లలకని చెప్పడం లేదు, నేనూ వెళ్లను ఇప్పుడు.

లెన్స్ గురించి: కొనకండి. ఆరు నెలలు పోయాక కూడా చేయి దురద పెడితే సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం ఎఫ్1.8 చూడండి, బజార్లో స్టాండ్ లేకుండా మొహాలు తీయడానికి బాగుంటుంది, నలభై వేలలో చాలా మిగులుతుంది.

మీ తమ్ముడికి అరగంటకే విసుగన్నారు. మీక్కావాల్సింది పావుగంట, కాబట్టి వాడు సరిగ్గా సరిపోతాడు. వచ్చే చతుర్దశికి లాడ్ బజార్ తీసుకెళ్లండి, ముందు అరగంట ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో కూర్చోబెట్టండి, తర్వాత బియ్యం సంచి పట్టుకోమనండి. మరీ రాత్రి కాకముందే ఇల్లు చేరతారు, ఇంట్లోవాళ్లకి టెన్షన్ ఉండదు. ఆ రోజు తీసినవాటిలో బాగా వచ్చిన మూడు, బాగా రాని మూడు నాకు పంపండి, టైమ్ చెరపకుండా.